చెవి తెగినోడు

"వాడు బతికే ఉన్నాడా?"

పొద్దున్నే పాలబుర్ర చేతికిస్తూ నైషోరువా అడిగే మొదటి మాట ఇదే. రోజూ ఇదే. వాడంటే మనిషి కాదు, సింహం. కుడి చెవి సగం లేదు. అందుకని పశువులు కాసుకునే మాసాయి ఊళ్లన్నీ దాన్ని చెవి తెగినోడనే అంటాయి.

కొయ్‌నెట్ పాలు తాగి, మూతి తుడుచుకుని, యాంటెనా ఎత్తి కొండవైపు తిప్పుతాడు. చెవి తెగినోడి మెడకి రేడియో పట్టీ ఉంది. నిదానంగా టిక్కుమంటే కదులుతున్నట్టు. గబగబా టిక్కుమంటే కదలక చాలాసేపయినట్టు. అంటే చచ్చినట్టు. సింహం ఎక్కడ పడినా దొరకాలని సింహాల్ని కాపాడే ఆఫీసు వాళ్లు కట్టారు. ఆవులు కాసేవాళ్లకి ఎవరూ ఏమీ కట్టలేదు.

"ఉన్నాడమ్మా."

ఆవిడ వెళ్లి పాలు పితుక్కుంటుంది.

కొయ్‌నెట్ ఉద్యోగం సింహాల జాడ తీయడం. ఇవాళ ఫలానా వైపు మేపొద్దని కాపర్లకి చెప్పడం. ఈటెలు దించండిరా అని, సింహాల వేటకి లేచే మోరాన్ కుర్రాళ్లని బతిమాలడం. వాడూ మాసాయివాడే, కానీ ఈ ఊరివాడు కాదు. పోయిన వానల తర్వాత వచ్చాడు. ఇక్కడి సింహాల పుట్టుపూర్వోత్తరాలన్నీ నోటికొచ్చు. మనుషులవి ఇంకా తెలియవు.

ఒకరోజు కొత్తకోడలు నవ్వింది. "ఏంటత్తా, రోజూ ఆరా తీస్తావు? వాడు నీకు మొగుడా ఏంటి?"

"నోర్ముయ్యవే," అంది నైషోరువా సవతి. "పో, వెళ్లి గోడకి పేడ మెత్తు."

నైషోరువా ఖాళీ పాలబుర్ర తీసుకుని పోయింది.

ఎండలు ముదిరాక ఏటి అవతల నుంచి రెండు మగసింహాలు దిగాయి. అన్నదమ్ములు. జూలు నల్లగా, కాళ్లు బలంగా ఉన్నాయి. చెవి తెగినోడికీ ఒకప్పుడు తోడొకడుండేవాడు. పోయాడు. ఒంటిగాడు గుంపుని ఎన్నాళ్లు కాచుకుంటాడు? చిత్తడి పక్కన తెల్లారుతుండగా కలబడ్డారు. టూరిస్టు బళ్లు బారులు తీరాయి. చెవి తెగినోడు వెనక కాలు ఈడ్చుకుంటూ ముళ్లపొదల్లోకి పోతుంటే ఒక టూరిస్టావిడ ఏడ్చిందట కూడా.

"ఉన్నాడమ్మా," అన్నాడు కొయ్‌నెట్ మర్నాడు. "కానీ గుంపు పోయింది. కొత్తవాళ్లు వాడి పిల్లల్ని చంపేశారు. ఒక్కదాన్నీ వదల్లేదు. పాతవాడి పిల్లలుంటే తల్లులు దగ్గరికి రానివ్వవు గదా."

"తల్లులేం చేశాయి?"

"తిరగబడ్డాయి. తర్వాత పిలుస్తూ తిరిగాయి. ఒకదానికి మాత్రం పిల్ల దొరికింది. చచ్చిందే. నోట కరుచుకుని పొద్దుగూకేదాకా తిరిగింది."

"దానికి నయం," అంది నైషోరువా.

కొయ్‌నెట్‌కి ఒళ్లు మండింది. ఇదేం ఆడదిరా అనుకున్నాడు.

ఆ సాయంత్రం మోరాన్లు ఈటెలు తీశారు. వాళ్లు చెప్పిందీ నిజమే. గుంపు పోయినోడికి, కుంటోడికి, ఇక ఆవులే గతి. కొయ్‌నెట్ చేతులు జోడించాడు. వాళ్లు నవ్వారు.

"జీతానికి సింహాల్ని కాసేవాడివి, నువ్వు మాకు చెప్పేదేంట్రా? పక్కకి జరుగు!"

నైషోరువా వచ్చి కంపగుమ్మంలో నిలబడింది.

"ఎవడూ ముట్టుకోవద్దు. మీరు పొడిస్తే తోక ఒకడికి, గోళ్లు ఒకడికి, జూలు ఇంకొకడికి. ముక్కలు చేస్తారు. నాకేం మిగులుద్ది?"

మోరాన్లు తల దించుకున్నారు. ఈటెలు దించారు. ఎంత బతిమాలినా కొయ్‌నెట్ మాట ఏనాడూ వినని వాళ్లు!

ఓహో, తోలుకోసమా నీ ఆరాటం, అనుకున్నాడు కొయ్‌నెట్. పొద్దున పాలు తాగబుద్ధి కాలేదు. అయినా తాగాడు.

మరో పొద్దున యాంటెనా గబగబా టిక్కుమంది. ఆవిడ కూడా వింది. అడగలేదు.

కొయ్‌నెట్ ఫోను తీశాడు.

"ఆఫీసుకి అప్పుడే చెప్పకు నాయనా."

"ఉద్యోగం ఊడుతుందమ్మా. వెంటనే చెప్పాలి. వాళ్లు బండేసుకొచ్చి ఎత్తుకుపోతారు. కోసి చూసి కాల్చేస్తారు."

"అందుకే ఆగమంటున్నా. నేనేం పట్టుకుపోను. ఒక్క వెంట్రుక కూడా." చంకలో మూట అప్పటికే ఉంది. "ఇన్నాళ్లూ పాలు పోశాను. ఇంకేం అడిగాను నిన్ను?"

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ముళ్లపొద కింద సింహం పడి ఉంది. హైనాలు ఇంకా రాలేదు. రాబందులు చెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి. కొయ్‌నెట్ రాళ్లు విసిరాడు. నైషోరువా మూట విప్పింది. గొర్రెకొవ్వు తీసి తల నుంచి కాళ్లదాకా రాసింది. తెగిన చెవికీ రాసింది. కంట నీళ్లు లేవు. ఇంట్లో కుండకి రాసినట్టు రాసింది.

"ఎడమపక్కకి తిప్పాలి. పట్టు."

"అమ్మా, ఇది పోయిన మనిషికి చేసేది."

"తెలుసు. పట్టు."

ఇద్దరూ కలిసి తిప్పారు. కాళ్లు పొట్టకేసి ముడిచింది. అంత ఎండాకాలంలోనూ చిత్తడి దాకా పోయి కోసుకొచ్చిన పచ్చగడ్డి, ముందు పంజా కింద గుప్పెడు పెట్టింది. చివరికి మూటలోంచి టైరు చెప్పుల జత తీసింది. కొత్తవి. మగాడివి. వెనక కాళ్ల దగ్గర పక్కపక్కన సర్దింది.

"సింహానికి చెప్పులేంటమ్మా?"

ఆవిడ చెప్పుల మీది దుమ్ము చేత్తో తుడిచింది. పోయినవాళ్ల పేరు మాసాయిలు ఎత్తరు. అందుకే ఇన్నాళ్లూ కొయ్‌నెట్‌కి ఎవరూ చెప్పలేదు.

మందని మేతకి తోలుకెళ్లి ఈ చెవి తెగినోడి నోట పడ్డ ఆమె కొడుకుకి, ఊరివాళ్లంతా కలిసి వెతికినా, శవమంటూ దొరికింది ఈ సింహమే.