మామ్మ కురిపించిన మంచు

మాఘమాసానికే ఉక్కపోత మొదలయ్యే కాలం వచ్చాక, మనవరాలికి ఒక్కసారైనా మంచు చూపించాలని కోటరత్నం వాకిట్లో, మంచు పడితే పసిగట్టే మంచుపెట్టె పెట్టుకుంది. దానికి తడి తగిలితే చాలు, గంట మోగి, మేడ మీద ఆరబెట్టినవి తడవకుండా వీధిలోని మేడలన్నిటికీ కప్పులు మూసుకునేవి.

ఒకనాడు పొద్దున్నే గంట మోగింది.

"పిల్లని లేపవే మంగా, మంచు పడింది!"

కోడలు పెట్టెను వాసన చూసి పకపకా నవ్వింది. "మంచు పేడవాసన వేస్తుందా అత్తయ్యా? ఇప్పుడేగా మీరు కళ్లాపి చల్లింది!"

"పిన్నీ, మా వడియాలు ఎండనివ్వవా?" ఎదురుమేడ మీంచి కేక.

మర్నాడు కోటరత్నం కళ్లాపి మానేసి, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని పెట్టె పక్కనే కూర్చుంది. ఎండెక్కింది గానీ గంట మోగలేదు.

"మంచు ఎలా ఉంటుంది మామ్మా?"

కోటరత్నం ఎదురుమేడ వైపు ఓసారి చూసి, చెంబు నీళ్లలో వేళ్లు ముంచి, పిల్ల బుగ్గల మీదా పెట్టె మీదా చిలకరించింది. గంట మోగింది.

"పిన్నీ!"

"కాసేపు ఓర్చుకోవే! పిల్ల మంచు చూస్తోంది."