ఖాళీగా రావద్దు

“నా బండిలో దోమలున్నాయి మేడమ్. వాటినే లోడు కింద రాసుకుని నన్నొదిలెయ్యండి.”

“దోమలకి బాడుగ ఎవరిస్తారు? ఆగండి, సాయంత్రానికి ఏదో ఒకటి చూస్తా.”

లోడ్లమ్మ ఫోను పెట్టేసింది. డ్రైవర్లు ఆమెకి పెట్టిన పేరది. ఏ లారీ ఎక్కడ సరుకు దించిందో, తిరుగు దారిలో ఏం వేసుకు రావాలో ఆమే చెప్పాలి.

కొత్త పద్ధతి వచ్చి వారమైంది. ఏ బండీ ఖాళీగా తిరిగి రాకూడదు. ఖాళీ బండి కూడా డీజిలు తాగుతుంది, పొగ వదులుతుంది. డబ్బూ దండగ, గాలీ పాడు. ముప్పాతిక వంతు లోడు ఖాయమైతే తప్ప కంప్యూటర్ తెర మీద పచ్చదీపం వెలగదు. అది వెలగందే సరుకు దించినచోట గేటు తెరుచుకోదు.

ఆఫీసు గోడకి పెద్ద బొమ్మ అంటించారు. ఒక పాప బుగ్గలు పూరించి బెలూను ఊదుతోంది. కింద ‘పిల్లల ఊపిరి కోసం’ అని రాసుంది.

ఆ బొమ్మ కిందే లెక్కల సారు కుర్చీ. చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకునే ఉంటాడు. ఎవరు ఏ డ్రైవరుతో ఏం మాట్లాడినా వింటాడు. డ్రైవర్లతో సొంత కబుర్లు వద్దు, వాళ్ళతో చుట్టరికం ఉన్నవాళ్ళకి ఇక్కడ పని లేదు, గట్టిగా నవ్వొద్దు. రోజూ ఈ పాఠం ఒప్పజెప్పాకే టీ తాగుతాడు.

మళ్ళీ ఫోను మోగింది. రేవులో టైల్సు దించిన డ్రైవరు. నిన్నటి నుంచీ అక్కడే పడి ఉన్నాడు.

“మేడమ్, ఏమన్నా దొరికిందా?”

“లేదు.”

“సగం బండికి అట్టపెట్టెలున్నాయిక్కడ. అవేసుకుని వచ్చేస్తా.”

“సగానికి కంప్యూటర్ ఒప్పుకోదు.”

“పోనీ రాళ్ళేసుకొస్తా. బరువే కదా కావాల్సింది.” అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “పాపకి బాగాలేదు మేడమ్. ఇందాక మా అత్త ఫోన్ చేసింది. మొహానికి మాస్కు పెట్టారట. చూడాల్సినవాళ్ళుంటే ఇవాళే వచ్చి చూడమన్నారట డాక్టర్లు.”

లోడ్లమ్మ తెర మీద ఊళ్ళ పేర్లు పైకీ కిందకీ జరుపుతోంది.

“లారీల రోడ్డు పక్కన ఇల్లు మేడమ్. పుట్టినప్పట్నుంచీ ఆ పొగే. బస్సెక్కుదామంటే బండి ఎవరికి అప్పజెప్పను?”

“బండి వదలొద్దు.”

“మరేం చెయ్యమంటారు?”

లెక్కల సారు డిప్పలు సర్దుకున్నాడు. ఇటే చూస్తున్నాడు.

“పాపకి తల్లి లేదా?” అంది లోడ్లమ్మ.

అవతల అతను గొంతు సవరించుకున్నాడు.

“ఉంది మేడమ్.”

“అయితే ఆవిడ చూసుకుంటుంది.”

“ఆవిడకి సెలవు దొరకలేదు. చెప్పకుండా లేచొస్తే ఉద్యోగం పోతుంది. అది పోతే ఆసుపత్రి కార్డూ పోతుంది. ఆవిడేం చేస్తుంది, పాపం!”

లోడ్లమ్మ ఫోను పక్కన పెట్టి సారు దగ్గరికి వెళ్ళింది.

“ఒక్క బండి సార్. ఖాళీగా వదిలేద్దాం.”

“ఒక్కడికి సరేనంటే రేపు అందరికీ పాపలే పుట్టుకొస్తారు. వెళ్ళి లోడు వెతకండి.”

వచ్చి కూర్చుంది. పక్క సీటావిడ ఇటు వంగింది.

“తల్లి లేదా అని అలా అడుగుతావేంటే? నీది గుండెనా, గుండ్రాయా?”

లోడ్లమ్మ రేవు చుట్టుపక్కల ఊళ్ళన్నీ జల్లెడ పట్టింది. గోడౌన్లకి ఫోన్లు చేసింది. ఒకచోట బతిమాలింది. ఒకచోట తిట్లు తింది. చివరికి ఒక లోడు దొరికింది. రేవులో డ్రైవరుకి ఫోను చేసింది.

“కాగితం చుట్టలు. నిండు బండి. రేపు మధ్యాహ్నం ఎత్తుతారు.”

“రేపా?”

“రేపే.”

“సరే మేడమ్.”

“ఏమన్నా తిన్నారా?” అందామె. ఏ డ్రైవర్నీ ఆ మాట అడిగి ఎరగదు.

“తింటాలెండి. మీరు కూడా తినండి మేడమ్.”

తెర మీద పచ్చదీపం వెలిగింది. లెక్కల సారు డిప్పలు తీసి, మొదటిసారి నవ్వాడు.

“చూశారా? కాస్త ఓపిక పడితే ఖర్చూ కలిసొచ్చింది, పొగా తగ్గింది.”

లోడ్లమ్మ సంచీలో ఆమె సొంత ఫోను మోగింది, ఎత్తితే అవతల ఆసుపత్రి నర్సు గొంతు తగ్గించి, “పాపవాళ్ళ అమ్మేనా? ఇంక పరిగెత్తుకుని రానక్కర్లేదమ్మా, నిదానంగానే రండి,” అంది.