యాంటెన్నా పట్టుకున్నాయన

మాట వినబడుతోంది. బొమ్మ మాత్రం రావడం లేదు.

తెర నిండా జొన్న పేలాలు వేగుతున్నట్టు చుక్కలే చుక్కలు.

"జగ్గయ్యా, టీవీ అని చెప్పి రేడియో అంటగట్టిన్రా నీకు?" అన్నాడు మల్లప్ప.

హోటలంతా నవ్వింది. జగ్గయ్య నవ్వలేదు.

చిరాగ్‌పల్లికి మొదటి టీవీ తెచ్చింది తనే. ఆదివారం సినిమా చూపిస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. ఈ పూట బొమ్మ రాకపోతే రేపు తన హోటల్ గల్లా ముందు తలెత్తుకుని కూర్చోలేడు.

తీగలు పీకి మళ్లీ పెట్టాడు. మీటలు తిప్పాడు. టీవీ నెత్తిన రెండు చరిచాడు.

చుక్కలు అట్లాగే ఉన్నాయి.

"పైన యాంటెన్నా తిరిగినట్టుంది, సేఠ్."

అన్నది ఊరివాడు కాదు. ఎదురుగా పంక్చరు దుకాణం ముందు ఆగిన లారీలోంచి దిగొచ్చిన మనిషి. గడ్డం నెరిసింది. చాయ్ కూడా అడగకుండా వచ్చినప్పటి నుంచీ టీవీ ముందే నిలబడ్డాడు.

"నా మోకాళ్లు ఎక్కనియ్యవు. నువ్వెక్కుతవా భాయ్? పుణ్యముంటది."

ఆయన చెప్పులు విడిచి నిచ్చెన ఎక్కాడు.

"తిప్పు... ఇంక జర... ఆ, వచ్చింది! అరె, పోయింది! మల్ల ఎనుకకు!"

పైపును చేత్తో పట్టి లాగి ఉంచితే బొమ్మ అద్దంలో కనిపించినట్టే ఉంది. వదిలితే చుక్కలు.

"ఇడువకు భాయ్!" హోటలంతా ఒక్క గొంతుతో అరిచింది.

"సేఠ్, జర తాడియ్యిన్రి! కట్టేసి దిగుత. నేను గూడ జూడాలె."

"ఆ, తెస్తున్న!"

బావి తాడు చేతికందే దూరంలోనే ఉంది. సరిగ్గా అప్పుడే సర్పంచి మదన్‌మోహన్ వచ్చాడు. ఆయనకు కుర్చీ వేయాలి. మలై వేసి చాయ్ పోయాలి.

టీవీలో పిల్లల పాట మొదలైంది. ఎవరికీ పట్టలేదు. సినిమా కోసం వచ్చిన జనం బీడీలు ముట్టించి, అల్లం తవ్వకాల ముచ్చట్లలో పడ్డారు.

"సేఠ్! తాడు!" పైనుంచి మళ్లీ కేక.

"వస్తున్ననంటె! పిల్లల పాటకు గంత తొందరేంది నీకు?"

పాట అయిపోయింది. అయినా తెర మీద ఒక పిల్ల ఒక్కతే ఇంకో ముక్క పాడేసింది. జనం గొల్లున నవ్వారు.

"నాలికె కర్సుకొని ఎట్ల నవ్వుతున్నదో, నా తల్లి!" అంది జగ్గయ్య భార్య యాదమ్మ.

జగ్గయ్య తలెత్తలేదు. చాయ్ పొంగుతోంది.

సినిమా పేర్లు పడుతుండగా తెర నిండా మళ్లీ చుక్కలు.

హోటల్ భగ్గుమంది. జగ్గయ్య బయటికి ఉరికాడు. ఆయన అప్పటికే కిందికి దిగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. అరచేతుల నిండా తుప్పు.

"సరింగ ఇప్పుడే ఇడిసిపెట్టాల్నా? చేతగాకుంటె ఎందుకెక్కినవయ్యా?"

ఆయనకు కోపం రాలేదు.

"ఆఖరుకు అందరు నవ్విన్రు గద, సేఠ్. ఆ పిల్ల... పిల్ల గూడ నవ్విందా?"

"చాయ్ పోసేటోన్ని, నేనెక్కడ జూసిన?"

ఆయన తలూపి, రోడ్డు దాటి లారీ ఎక్కాడు.

కాసేపటికి ఆ లారీ డ్రైవర్ మాణిక్ వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ రెండు చాయ్‌లు చెప్పాడు.

"మా హఫీజుద్దీన్ భాయ్ కడుపునిండ జూసిండా? షోలాపూర్ కాడికెల్లి ఒకటే తొందర, పట్నం జల్ది పోనియ్యి పోనియ్యి అని. నడుమ టైరు పాయె. మీ తాన టీవీ ఉన్నదని తెలిసినంక పానం లేచొచ్చింది ఆయనకు."

"ఏం జూడాలె ఆయన?" అన్నాడు జగ్గయ్య. చేతిలో గ్లాసు ఆగింది.

"ఇందాక పిల్లలు పాడిన్రు జూడు, అండ్ల ఆయన బిడ్డ జహీరా ఉన్నది. పట్నంల చిన్నమ్మ ఇంట్ల సదువుకుంటుండె. గా పాట తీసినంక జరమొచ్చి పోయింది. ఈయన షోలాపూర్ మిల్లుకెల్లి వచ్చేటాల్లకు మట్టికి గూడ అందలే. ఇంట్ల జూసుకోనీకె బిడ్డది ఒక్క ఫోటో గూడ లేదు."