దిగగానే ఫోన్ చేస్తానంది

సెలూన్‌లో ఖాళీగా ఉన్న ఒక్క ప్లగ్గులో ఎవరో పెద్దాయన తన ఫోన్ పెట్టేశాడు.

"అడిగి పెట్టాలి కదా తాతా!" అన్నాడు సెలూన్ బాబాయ్, కత్తి ఆపకుండా.

"అడుగుదామనే వచ్చాను బాబూ. మీరంతా అటు చూస్తున్నారు. మా ఇంట్లో పొద్దుటి నుంచీ కరెంటు లేదు."

నిజమే. అందరి కళ్ళూ గోడమీది టీవీకి అతుక్కుపోయి ఉన్నాయి. ఎర్రటి గ్రహం మీద ఇంకాసేపట్లో రోవర్ దిగబోతోంది. కుర్చీలో ఉన్న బ్యాంకు గుమాస్తాకి ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మీద నురగ ఆరిపోతోంది. గుమ్మంలో టాక్సీ డ్రైవరు, అతని వెనక సగం వీధి.

"దిగిందా?" అడిగాడు పెద్దాయన.

"ఇంకా లేదు. మీకూ పట్టుకుందా రోవర్ పిచ్చి!" అన్నాడు డ్రైవరు.

"దిగగానే ఫోన్ చేస్తానంది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సెలూన్ అంతా ఘొల్లుమంది.

"ఎవరూ, రోవరే?"

"మన తాతకి స్వయంగా చేస్తానందట్రోయ్!"

"అంత దూరం నుంచి మిస్డ్ కాలే ఇస్తుంది తాతా, బిల్లు ఎవడు కడతాడు?"

గుమాస్తా నవ్వబోతే నురగ నోట్లోకి పోయింది.

పెద్దాయనకి కోపం రాలేదు. తనూ కాస్త నవ్వి, ఫోన్ వైపు చూసుకున్నాడు. అది ఇంకా వెలగలేదు.

వీధిలోంచి కేక వినబడింది. "బాబాయ్, ఇక్కడ ఒక్క ముక్క వినబడి చస్తేనా! స్పీకర్ పెట్టు!"

బాబాయ్ స్పీకర్ తెచ్చి, ప్లగ్గులోంచి ఫోన్ తీగ లాగేశాడు.

"ఇంకొక్క పిసరు ఉంచు బాబూ. ఆన్ అన్నా కాలేదు."

"రేపు రండి తాతా, రోజంతా పెట్టుకోండి."

"రేపెందుకు బాబూ?"

"ఒక్క ఫోన్ రాకపోతే కొంపలు మునగవులెండి," అన్నాడు గుమాస్తా.

"రాకపోయినా ఫరవాలేదయ్యా. చేసినప్పుడు మాత్రం స్విచాఫ్ అని వినబడకూడదు."

ఆ మాట స్పీకర్ హోరులో కలిసిపోయింది.

పెద్దాయన తీగని మెలిక పడకుండా చేతికి చుట్టుకున్నాడు. "ఇక్కడెక్కడైనా ప్లగ్గుందా నాయనా?" అని గుమ్మంలో జనాన్ని అడిగాడు.

"ఉష్!" అన్నారు ఎవరో. దారి మాత్రం ఇచ్చారు.

కాసేపటికి రోవర్ దిగింది.

వీధి వీధంతా ఎగిరి గంతేసింది. డ్రైవరు వచ్చి గుమాస్తాని వాటేసుకుంటే మిగిలిన నురగంతా అతని చొక్కాకి అంటుకుంది. బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. "మనుషులేరా ఇది చేసింది! మనలాంటి మనుషులే!"

టీవీలో కంట్రోల్ రూమ్ కనబడింది. అక్కడా అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. ఒక కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. నడివయసు ఆవిడ ఒకామె ఆ కుర్చీ పక్కన నిలబడి మైకు అందుకుంది.

"ఇది మా చెల్లెలి లాంటి అమ్మాయి కూర్చునే చోటు. ఇవాళ రోవర్ పదిలంగా దిగిందంటే ఆ ఆలోచన తనదే. కిందటి చలికాలం జబ్బుచేసి పోయింది. దిగగానే నాన్నకి ఫోన్ చేస్తాను, ఆయనకి మాటిచ్చాను అని రోజూ అంటుండేది. అందుకే మొట్టమొదటి ఫోన్ తన బదులు మేమే చేశాం."

ఆవిడ చేతిలోని ఫోన్ వైపు చూసింది.

"స్విచాఫ్ అని వస్తోంది."

సెలూన్‌లో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బాబాయ్ కత్తి బల్లమీద పడేసి వీధిలోకి పరిగెత్తాడు. గంతులేస్తున్న జనంలో ఎదురైన ప్రతివాణ్ణీ చెయ్యిపట్టుకుని ఆపాడు.

"ఇందాక ఒక పెద్దాయన... చేతికి ఫోన్ తీగ చుట్టుకుని... ఎటు వెళ్ళాడో చూశారా?"

"ఎవరు బాబాయ్, మీ చుట్టమా?"

బాబాయ్ సెలూన్‌లోని టీవీ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ ఖాళీ కుర్చీ అమ్మాయి వాళ్ళ నాన్న."