ఏడో నంబరు టోపీ

"పొద్దున ఫోన్లో చెప్పిందే కోచ్ గారూ. కొట్టింది ఏడో నంబరు కాదు, నేనే పొరబడ్డాను," అంది కొరీన్, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే.

హల్వర్సన్ కోచ్ నారింజపండు వొలుస్తున్నాడు. కిటికీ అవతల స్కూలు కొలనులో ఆయన జట్టు పిల్లలు సాధన ముగించి ఒక్కొక్కరే గట్టెక్కుతున్నారు. శనివారం లీగ్ ఫైనలు.

"ముందు కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చారు," అన్నాడాయన.

ఆ ఒక్క మాటకే కొరీన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. తొమ్మిదేళ్ళుగా హైస్కూలు వాటర్ పోలో మ్యాచులకి రెఫరీగా ఈల ఊదుతోంది. ఆమెని తిట్టని కోచ్ ఆ జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే ఈయనొక్కడే. నిన్న సెమీఫైనల్లో ఈయన కుర్రాణ్ణి బయటికి పంపేసినప్పుడు కూడా పల్లెత్తు మాట అనలేదు. ఆ కుర్రాడు గట్టు పట్టుకుని వేలాడుతూ "నేను కాదండీ, నేను కాదండీ" అంటుంటే, "నోరు మూసుకుని పైకి రా. రెఫరీకి ఎదురు చెప్తావా?" అని కసిరింది కూడా ఈయనే.

కొరీన్ ఫోను బల్ల మీద పెట్టి వీడియో చూపించింది. అవతలి జట్టు పిల్లాడి తల్లి ఎవరో తీసినది.

"చూడండి. ఏడు రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. మోచేత్తో అవతలి కుర్రాడి ముక్కు పగలగొట్టింది వాడి పక్కనున్న మీ పదకొండు. రెండో రెఫరీ బంతి వైపు చూస్తున్నాడు. నేనేమో అవతలి గట్టు మీదున్నా. నీళ్ళు చిమ్మాయి, నెత్తురు కనపడింది, దగ్గర్లో కనపడ్డ టోపీ ఏడు. ఒక చేతి ఐదు వేళ్ళూ, రెండో చేతి రెండు వేళ్ళూ ఎత్తి ఏడని చూపించేశాను. అంతే, వాడి పని అయిపోయింది."

నీళ్ళలో ఉన్నవాళ్ళకి మొహాలుండవు, టోపీ మీద నంబరే మనిషి. బయట ఎదురుపడితే కొరీన్ వాళ్ళలో ఒక్కణ్ణి కూడా గుర్తుపట్టదు.

"మ్యాచ్ అయిపోయింది, తీర్పు మారదు. కానీ రిపోర్టు ఇంకా నా చేతిలోనే ఉంది. ఐదింటిలోగా పంపాలి. అందులో ఎవరి నంబరుంటే వాడికి తర్వాతి మ్యాచ్ ఉండదు. నంబరు మార్చి సంతకం పెడితే శనివారం ఏడు ఆడొచ్చు, పదకొండు బయట కూర్చుంటాడు. మీతో చెప్పకుండా పంపడం మర్యాద కాదని వచ్చాను," అంది.

"ఏడు అంటే మా ఎఫ్రాయిన్," అని నిట్టూర్చాడు హల్వర్సన్. "బంగారం లాంటి పిల్లాడు."

"వాళ్ళమ్మ నిన్న నా కారు దగ్గరికొచ్చిందండీ. హోటల్లో పక్కలు సర్దుతుందట. శనివారం యూనివర్సిటీ వాళ్ళు వీడి ఆట చూడ్డానికే వస్తున్నారట. ఆట మీద సీటు రాకపోతే వీడికి కాలేజీ చదువు లేదంది. తీర్పు తీర్పేనమ్మా అని నేను తలుపేసుకున్నాను."

"చూడండమ్మా, పదమూడు మందీ నాకు పిల్లలే. ఎవరు బయట కూర్చున్నా నాకు ఒకటే బాధ. ఇప్పుడు నా బెంగంతా మీ గురించి. నంబరు ఎందుకు మార్చావని లీగ్ వాళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

"వీడియో చూశానని చెప్తాను."

ఆయన రూల్సు పుస్తకం అందుకుని, చీటీ పెట్టి ఉంచిన పేజీ తీశాడు. "వీడియో చూసి నిర్ణయం మార్చకూడదు. మీకు తెలియని రూలా? మీ దిద్దుబాటూ చెల్లదు, శనివారం మీ చేతిలో ఈలా ఉండదు. పోనీ కళ్ళారా చూశానని రాస్తారా? అది అబద్ధం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అబద్ధమే రాస్తాను. పొద్దుట్నుంచీ మనసు గట్టి చేసుకునే వచ్చాను," అంది కొరీన్.

హల్వర్సన్ వొలిచిన నారింజ ఆమె ముందుకి జరిపాడు.

"మీ సంతకం చూసి జిల్లా అంతా నమ్ముతుందమ్మా. ఒక్కసారి అబద్ధానికి పెట్టారా, రేపు ఏ పిల్లాడు 'నేను కాదండీ' అన్నా మీ దగ్గర జవాబుండదు. ఎఫ్రాయిన్ గట్టివాడు, తట్టుకుంటాడు. యూనివర్సిటీ వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను, ఇంకోరోజు రమ్మని కాళ్ళావేళ్ళా పడతాను. వాడి పూచీ నాది."

"నిజంగా చేస్తారా?"

"ఈ సాయంత్రమే."

కొరీన్ కళ్ళు తుడుచుకుంది. తనని ఇంతగా కడుపులో పెట్టుకున్న మనిషి ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కరూ తగల్లేదు. ఐదుకి పది నిమిషాలుండగా, నంబరు మార్చకుండానే అక్కడే ఫోన్లోంచి రిపోర్టు పంపేసింది.

"పంపేశారా?"

"పంపేశాను. ఇంక నేను మార్చాలన్నా మారదు." ఆమె లేచింది. "మీలాంటి కోచ్ దొరకడం ఆ పిల్లల అదృష్టమండీ."

ఆయన తలుపు దాకా వచ్చి సాగనంపాడు. బయట అందరూ వెళ్ళిపోయారు. ఒక్క కుర్రాడు మాత్రం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, మోకాళ్ళు దాటే జట్టు కోటు వేసుకుని. ఆమెని చూడగానే చటుక్కున అటు తిరిగాడు. వీపు మీద పదకొండు.

వీడికైనా శనివారం ఆట మిగిలింది కదా, పోనీలే అనుకుంది కొరీన్. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడింది. గబగబా గేటు వైపు నడిచింది. ఖాళీ కొలను మీద మాట చాలా దూరం వినిపిస్తుంది. వెనక ఆ కుర్రాడు గొంతు తగ్గించే అడిగాడు.

"ఒప్పుకుందా, నాన్నా?"