ఒక్క సబ్బు చుక్క

ఒక పెద్దమనిషి కొత్త చొక్కా తొడుక్కుని జేబులో కలం పెట్టబోతే కలం దిగలేదు.

టైలరు మాస్టారు జేబుకి మూడు పక్కలతో పాటు నాలుగో పక్క కూడా కుట్టేశాడు. కుట్టంటే ఆషామాషీ కుట్టు కాదు, చీమ కాలు కూడా దూరదు.

పెద్దమనిషి నవ్వి ఊరుకున్నాడు గానీ, మాస్టారికి ఆ పూట ముద్ద దిగలేదు.

ఒకప్పుడు ఆయన కుట్టు చూడ్డానికి పక్కవీధి టైలర్లు వచ్చేవారు. ఆయన గుండీ కుడితే చొక్కా చిరగాలే తప్ప గుండీ ఊడదనీ, తాత చొక్కా గుండీలు మనవడి చొక్కాకి ఎక్కేవనీ చెప్పుకునేవారు. అలాంటి చేతికి నాలుగు నెలలుగా కుట్టు గీత తప్పుతోంది. దారం ఎక్కించాలంటే సూదికి దణ్ణం పెట్టుకోవాల్సి వస్తోంది.

కళ్ళ డాక్టరుకి చూపించుకోమని భార్య పోరింది. చూపు పోయిందని చెప్పించుకోడానికి అంతదూరం వెళ్ళాలా, అది ఇంట్లోనే తెలుస్తోందిగా అన్నాడాయన.

జేబు సంగతి జరిగాక గుండె రాయి చేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాలిమిషను అమ్మేస్తానని, నలుగురి చెవినా వేయమని పక్కనున్న గుండీల కొట్టాయనకి అప్పగించాడు. మిషను లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, సన్నగా, పొడుగ్గా ఉన్న ముసలాయనొకడు గడపలో నిలబడ్డాడు. ఆయన చొక్కా చేతి అంచు, మాస్టారి కళ్ళకి కూడా కనిపించేంతగా పీలికలైపోయి ఉంది.

“ఆ చెయ్యి నేను బాగుచేయలేనండి. కొత్త పని తీసుకోవడం మానేశాను. కళ్ళు పోయాయి,” అన్నాడు మాస్టారు.

వచ్చినాయన వెళ్ళలేదు. ఏదో చెప్పబోయి, ఆగి, బల్ల చివర కూర్చున్నాడు.

మాస్టారు దారం కొస నోట్లో తడిపి సూది మీదికి ఏడుసార్లు దండెత్తాడు. ఏడుసార్లూ ఓడిపోయాడు. ఎనిమిదో దండయాత్రకి ముందు కళ్ళద్దాలు తీసి, కిందపడున్న కొత్తగుడ్డ ముక్కతో బరబరా తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

“రోజూ దాంతోనేనా తుడవడం?”

“టైలరింట్లో గుడ్డముక్కలకి కరువేంటండీ? ఇన్నేళ్ళూ తుడిచినవి కలిపి కుడితే ఏనుగుకి చొక్కా, లాగూ రెండూ వస్తాయి.”

“ఓసారి ఇలా ఇవ్వండి.”

ఆయన మాస్టారి భార్యని అడిగి చెంబుడు నీళ్ళు, సబ్బుముక్క తెప్పించుకున్నాడు. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద పొడి అద్దాల మీద ఉందనీ, పొడిగా తుడిస్తే అదే గీరేస్తుందనీ చెబుతూ ముందు ఉత్త నీళ్ళు పోశాడు. తర్వాత ఒక్క సబ్బు చుక్క. రెండు వేళ్ళ మధ్య అద్దాన్ని పట్టుకుని పసిపిల్ల చెవులు కడిగినట్టు లోపల, బయట, ముక్కు మీద ఆనే చోట, ఫ్రేము సందుల్లో మెత్తగా రుద్దాడు. కడిగి విదిలించాడు. వందసార్లు ఉతికిన గుడ్డేదైనా ఉందా అన్నాడు. ఆవిడ భర్త పాత బనీను తెచ్చిచ్చింది. దాంతో తుడవలేదు, అద్దాడంతే.

“మిషను నూనె వేళ్ళకి, వేళ్ళ మీది నూనె అద్దాలకి. దానిమీద సుద్ద, ఆపైన గంజిగుడ్డ. మీ కళ్ళకేం కాలేదు మాస్టారూ. ఇన్నాళ్ళుగా మీరు గోడ అవతలనుంచి కుడుతున్నారు.”

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దారం మొదటిసారికే సూదిలోకి దూరింది.

నమ్మలేక తల ఎత్తి భార్యని చూశాడు.

“నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?”

“అంత శుభ్రంగా కడక్కుండా ఉండాల్సింది,” అందావిడ.

మొగుడూ పెళ్ళాల నవ్వు ఆగేలోపు ఆ ముసలాయన లేచాడు. మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి తిప్పి చూశాడు. బాగుందనీ, జాగ్రత్తగా చూసుకోమనీ చెప్పి గడప దిగాడు. చొక్కా ఇచ్చి వెళ్ళమని మాస్టారు సూది పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు గానీ, అప్పటికే ఆయన మలుపు తిరిగిపోయాడు. పేరైనా అడగలేదు.

ఆ తర్వాత ఐదేళ్ళపాటు, కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాళ్ళకీ మాస్టారు రెండు కథలు చెప్పేవాడు. ఒకటి కళ్ళద్దాలు కడిగిన మహానుభావుడిది. ఏడాది తిరిగేసరికి ఆ కథలో ఆయన ఎత్తు ఒక మూర పెరిగింది. రెండోది, అదే రోజు మిషను కొనడానికి వస్తానని గుండీల కొట్టాయనకి కబురు పెట్టి, రాకుండా పోయిన బద్ధకస్తుడిది. ఆ సోమరిపోతు కాస్త ముందుగా కాలు కదిపి ఉంటే ఈపాటికి నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాణ్ణి అని మాస్టారు పగలబడి నవ్వేవాడు.

ఒకరోజు కూతురికి గౌను కుట్టించుకోడానికి వచ్చిన ఒకావిడ రెండు కథలూ విన్నది. మొదటిదానికి ముసిముసిగా నవ్వింది. రెండోదానికి నవ్వలేదు.

“సన్నగా, పొడుగ్గా ఉండేవాడాండీ, కళ్ళద్దాలు కడిగినాయన?”

“అవునమ్మా. నీకు తెలుసా?” మాస్టారు టేపు కింద పెట్టేశాడు.

“మా నాన్నండీ. పోయిన వానాకాలంలో పోయాడు.”

ఆయన ఏం పని చేసేవాడని మాస్టారు మెల్లిగా అడిగాడు.

“మీ పనేనండీ. వరదలో మిషను కొట్టుకుపోతే, మీది కొనుక్కుందామనే ఆ రోజు బయల్దేరాడు. తిరిగొచ్చి, ‘ఆయన కళ్ళు బాగానే ఉన్నాయమ్మా, మనం ఇంకోటి చూసుకుందాం’ అన్నాడు గానీ, ఆ ఇంకోటి దొరక్క చివరిదాకా చేతిసూదితోనే కుట్టాడు.”