మెంతుల కింద

మా వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. పైన మెంతులు, కింద నా మాత్రలు.

లూపస్‌కు వాడే మాత్రలు. పెళ్ళయిన మరుసటి ఏడు ముక్కుకు అటూ ఇటూ చెంపలు ఎర్రగా కమిలి, కీళ్ళన్నీ పట్టేస్తే, సూర్యాపేట డాక్టరమ్మ ఆ పేరు చెప్పింది.

కడుపు నిలిచాక వెళ్తే ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ఈ మాత్ర మాత్రం ఆపొద్దు కరుణా. ఆపితే జబ్బు తిరగబెడుతుంది. నీకూ ముప్పే, బిడ్డకూ ముప్పే."

మా అత్తమ్మ సువార్తమ్మ ఇంకోలా చెప్పింది.

"గిన్ని గోలీలు మింగితే కడుపుల పిల్ల ఏం గావాలె? బంద్ చెయ్. నేను ఉపవాసముండి ప్రార్థన చేస్త."

"సరే అత్తమ్మా" అన్నాను.

ఎదురు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు. దొంగచాటుగా మింగే తెలివి మాత్రం ఉంది.

మాత్రలు తెచ్చిచ్చేది మా ఆయన మహేందర్. "అమ్మకు జెప్పకు" అనేదీ ఆయనే.

అత్తమ్మ శుక్రవారం శుక్రవారం పస్తులుంది. నేను రోజూ పొద్దున పోపు వేస్తూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మాత్ర మింగాను.

పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. అయినా బతికింది.

మూడో నెల రాగానే మిర్యాలగూడలో మా చర్చికి ఎత్తుకెళ్ళాం. అత్తమ్మ లేచి సాక్ష్యం చెప్పింది.

"మందులన్ని బంద్ వెట్టినం. ప్రార్థనే మందు. ప్రభువు నా మన్మరాలిని నిలవెట్టిండు."

పాస్టరయ్య మైకు నా నోటి దగ్గర పెట్టారు. "నిజమేనా అమ్మా?"

"అవును" అన్నాను.

చప్పట్లు మోగాయి. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు కూడా. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కూర్చున్నాను. అందరూ దాన్ని భక్తి అనుకున్నారు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, మాడుగులపల్లి నుంచి ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు రజిత అంది.

మొహం చూడగానే గుర్తుపట్టాను. ముక్కుకు అటూ ఇటూ అదే ఎరుపు.

"అక్కా, నీ సాక్ష్యం వాట్సాప్‌ల ఇన్న. మా అమ్మ పంపింది. నాది గూడ గదే జబ్బు. ఇప్పుడు ఐదో నెల."

"మంచిది" అన్నాను. ఏం మంచిదో నాకే తెలియదు.

"నీ లెక్కనే నేను గూడ గోలీలు బంద్ చేసిన. నెలన్నర అయితుంది." నవ్వింది. "జర పాపను సూసి పోదామని వచ్చిన."

గడప ముందు చెప్పులు విడవబోయింది. పాదాలు వాచి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయాయి. వంగి రెండు చేతులతో లాగితే గానీ ఊడలేదు. పట్టీలున్న చోట పడ్డ గుంటలు అలాగే ఉండిపోయాయి.

నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమెను చెయ్యి పట్టి వంటింట్లోకి తీసుకుపోయాను. డబ్బా దింపి చాటలో గుమ్మరించాను. మెంతుల మీద మాత్రల షీట్లు పడ్డాయి.

"ఒక్కనాడు గూడ ఆపలే, రజితా. మైకుల అబద్ధమాడిన."

రజిత షీట్ల వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత నా వెనక గుమ్మం వైపు చూసింది.

అక్కడ పాపనెత్తుకుని అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు కడుపుతోటి ఉన్నప్పుడే డబ్బాల మెంతులు రెండుమాట్ల ఒడిసినయ్ కరుణా" అంది మెల్లగా. "నేనే వోసిన."

అంటే మైకు పట్టుకున్ననాడే ఆమెకు తెలుసు.

"చర్చిల అందరు నీ కోసం ప్రార్థన చేసిండ్రు. గాళ్లకు ఏమని జెప్పాలె?" అని ఇంకేదో అనబోయి, రజిత పాదాలు చూసి ఆగిపోయింది.

ముగ్గురం సూర్యాపేట బస్సెక్కాం. కట్టుకున్న చీర కూడా మార్చలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఉన్నపళంగా తీసుకురమ్మంది.

రజిత మా ఇద్దరి మధ్య కూర్చుంది. అత్తమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని కిటికీ వైపే తిరిగి ఉంది. పాప నా ఒడిలోంచి చెయ్యి చాచి రజిత వేలు పట్టుకుంది.

రజిత ఆ చిన్న పిడికిలిని చాలాసేపు చూసింది.

"నా పిల్ల గూడ దక్కుతది గదా అక్కా?"

అత్తమ్మ కిటికీ వైపు నుంచి తిరిగి నా నోటి వైపు చూసింది.

"అవును" అన్న ఒక్క మాటే కదా. మైకులో అంత తేలిగ్గా అన్న మాటే.